మత్తు ఎవరి చేతిలో ఉంది?

'ముక్కూ చెవులూ కోసి పంపిస్తా' అనే మాట మన ఇళ్ళల్లో ఎంత మామూలుగా వినిపిస్తుందో ఎప్పుడైనా గమనించారా? మాట వినని పిల్లని బెదిరించడానికీ, హద్దు దాటిందనుకున్న ఆడదాన్ని తిట్టడానికీ ఇదే మాట. శూర్పణఖ దగ్గర్నుంచి మనకి సంక్రమించిన మాట. ముక్కు పోయాక ఆ మనిషి ఎలా బతికి ఉంటుందన్న ప్రశ్న చాలాకాలం ఎవరికీ పట్టలేదు. ఓల్గా తన 'సమాగమం' కథలో ఆమెని సీతకి ఎదురుపడేలా చేశాక మనలో చాలామందిమి దాని గురించి ఆలోచించడం మొదలుపెట్టాం. నాకు ఆ పక్కనే ఇంకో ప్రశ్న కూడా ఉంది. కోసిన ముక్కుని మళ్ళీ అతికించే విద్య ఈ దేశంలో చాలా పాతది. మరి అతికించేటప్పటి నొప్పిని ఎవరు పట్టించుకున్నారు?

ఈ రోజు 'ప్లాస్టిక్ సర్జరీ', 'కాస్మెటిక్ సర్జరీ' అంటూ మనం చెప్పుకుంటున్న వైద్యానికి మొదటి అధ్యాయం ముక్కే. సుశ్రుత సంహితలో తెగిన ముక్కుని చెంప చర్మంతో అతికే పద్ధతి ఉంది. 1794 అక్టోబరులో లండన్ నుంచి వెలువడే 'జెంటిల్‌మెన్స్ మ్యాగజైన్'లో ఒక ఉత్తరం అచ్చయింది. ఇంగ్లీషు సైన్యంలో ఎద్దుల బండి తోలే కావస్జీ అనే అతన్ని టిప్పు సుల్తాను సైనికులు పట్టుకుని ముక్కూ చెయ్యీ నరికారనీ, ఏడాది తర్వాత పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకతను నుదుటి చర్మాన్ని కిందికి తిప్పి కొత్త ముక్కు అమర్చాడనీ దాని సారాంశం. ఆ ఉత్తరం ప్రభావంతో 1814లో జోసెఫ్ కార్ప్యూ లండన్‌లో ఆ పని చేశాడు. చర్మాన్ని ఎలా కొలవాలో, ఎలా కొయ్యాలో, ఎలా తిప్పాలో ప్రపంచమంతా నేర్చుకుంది. కత్తి కింద ఉన్న మనిషికి ఇవ్వడానికి మాత్రం అప్పటికి ఏ మత్తూ లేదు.

చరిత్రలో పేరు నిలిచింది కావస్జీది. కానీ ముక్కు పోగొట్టుకున్న వాళ్ళల్లో పేరు లేని ఆడవాళ్ళు ఎంతోమంది. ఇండోర్ రెసిడెన్సీ సర్జనుగా పనిచేసిన కీగన్ 1900లో ఈ ఆపరేషన్ల మీద ఒక పుస్తకం రాశాడు. అనుమానంతో భర్తలు ముక్కు కోసిన స్త్రీలు ఆయన దగ్గరికి వచ్చేవారు. అంటే ఈ దేశంలో ముఖాన్ని 'బాగుచేసే' శస్త్రవైద్యం ఎదగడానికి పనిచ్చింది ఆడవాళ్ళ మీద జరిగిన హింస కూడానన్న మాట. అందం అనే మాటకి ముందు ఈ చరిత్ర ఉందని గుర్తు పెట్టుకుని మత్తు సంగతికి వద్దాం.

నొప్పిని తగ్గించే వాయువు ఎప్పుడు దొరికింది? 1772లో ప్రీస్ట్లీ నైట్రస్ ఆక్సైడ్‌ని తయారుచేశాడు. హంఫ్రీ డేవీ అనే కుర్రాడు దాన్ని తానే పీల్చి చూసి, 1800లో ఒక పెద్ద పుస్తకం అచ్చువేశాడు. ఇది శరీరపు నొప్పిని పోగొట్టగలిగేలా ఉంది కాబట్టి శస్త్రచికిత్సల్లో వాడితే మేలు కలగవచ్చునని అందులో స్పష్టంగా సూచించాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత నలభై ఏళ్ళ పాటు ఆ వాయువు విందుల్లోనూ, టిక్కెట్టు పెట్టి జరిపే ప్రదర్శనల్లోనూ జనాన్ని నవ్వించడానికే పనికొచ్చింది. 'లాఫింగ్ గ్యాస్' అనే పేరు అట్లా వచ్చిందే.

ఆ నలభై ఏళ్ళ మధ్యలోనే, 1811 సెప్టెంబరు 30న, ప్యారిస్‌లో ఫ్యానీ బర్నీ అనే ఇంగ్లీషు నవలా రచయిత్రికి రొమ్ము తీసేశారు. మత్తు లేదు. ముఖం మీద ఒక పల్చటి రుమాలు కప్పారు. ఆ రుమాలులోంచి ఆమెకి కత్తి మెరుపు కనిపిస్తూనే ఉంది. తర్వాత కొన్ని నెలలకి ఆమె తన అక్కకి ఆ అనుభవమంతా ఉత్తరంగా రాసింది. శస్త్రచికిత్సని సర్జను కళ్ళతో కాకుండా బల్ల మీద ఉన్న మనిషి కళ్ళతో చెప్పిన తొలి రచనల్లో అదొకటి. నా మనసుకి పట్టిన విషయం ఏమిటంటే, డేవీ పుస్తకం అప్పటికి పదకొండేళ్ళ పాతది. వాయువు ఉంది, దాని గుణం తెలుసు, అచ్చులో కూడా ఉంది. లేనిదల్లా నొప్పి తగ్గించడం కూడా వైద్యంలో భాగమేనన్న ఆలోచన.

1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హోరేస్ వెల్స్ అనే పళ్ళ డాక్టరు అట్లాంటి ఒక ప్రదర్శన చూసి, మర్నాడే ఆ వాయువు పీల్చి తన పన్ను తానే పీకించుకున్నాడు. బోస్టన్ పెద్దల ముందు చేసి చూపించబోతే రోగి అరిచాడు, సభ నవ్వింది. 1846 అక్టోబరు 16న అదే ఊళ్ళో మోర్టన్ ఈథర్‌తో విజయం సాధించాడు. 1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ క్లోరోఫామ్ వాడకం మొదలుపెట్టాడు. వెల్స్ క్లోరోఫామ్ తన మీదే ప్రయోగించుకుంటూ దానికి బానిసయ్యాడు. 1848 జనవరిలో ఆ మైకంలో న్యూయార్క్ వీధిలో ఇద్దరు స్త్రీల మీద యాసిడ్ చల్లి, జైల్లో ప్రాణం తీసుకున్నాడు. వైద్య చరిత్రలు ఆయన్ని విషాద నాయకుడిగా చెబుతాయి. యాసిడ్ పడిన ఆ ఇద్దరు ఆడవాళ్ళు ఆ కథలో ఒక్క వాక్యం. 2008 డిసెంబరులో వరంగల్లో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగినప్పటి సంగతి గుర్తున్న మనకి, ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగకుండా ముందుకు వెళ్ళడం కష్టం.

వెల్స్ చనిపోయిన నెలలోనే ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర పదిహేనేళ్ళ హానా గ్రీనర్ అనే అమ్మాయి, కాలి వేలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫామ్ పీల్చి చనిపోయింది. క్లోరోఫామ్ వల్ల జరిగినట్టు నమోదైన తొలి మరణం అది. ఈ మందు గుండెని ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అనే వాదన అక్కణ్ణుంచి మొదలై అరవై ఏళ్ళు నడిచింది. ఆ వాదనకి కేంద్రం కొంతకాలం మన హైదరాబాదు.

వేడి దేశంలో ఈథర్ తేలిగ్గా ఆవిరైపోతుంది, నిప్పు అంటుకుంటుంది. అందుకని ఇక్కడ క్లోరోఫామ్ నిలబడింది. 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చిన ఎడ్వర్డ్ లారీ, అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో దాన్ని విరివిగా వాడాడు. నాడి చూడనక్కర్లేదు, ఊపిరి చూడండి, ఊపిరి సరిగ్గా ఉంటే ఎవరూ చావరు అనేది ఆయన సిద్ధాంతం. అది నిరూపించడానికి 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫామ్ కమిషన్ పెట్టారు. లండన్‌లోని 'లాన్సెట్' పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి ఆ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే నిపుణుణ్ణి రప్పించాడు. 1889లో రెండో కమిషన్ వందలాది కుక్కల మీద, కోతుల మీద ప్రయోగాలు చేసి లారీ మాటే నిజమంది. 1911లో గుడ్‌మన్ లీవీ అనే శాస్త్రజ్ఞుడు పిల్లుల మీద ప్రయోగాలతో, మత్తు తక్కువ మోతాదులో ఉన్నప్పుడు గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోగలదని చూపించేదాకా ఆ వాదన తేలలేదు. లారీ సిద్ధాంతం తప్పింది. అయితే ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్న ఆయన పాఠం మాత్రం మత్తు వైద్యంలో ఈనాటికీ మొదటి పాఠమే.

సరిగ్గా ఆ కమిషన్ల కాలంలోనే ఆ ఆస్పత్రిలో ఒక పార్శీ అమ్మాయి చదువుకుంటూ ఉంది. పేరు రూపాబాయి ఫర్దూన్జీ. 1846లో నిజాం ప్రభుత్వం పెట్టిన హైదరాబాదు మెడికల్ స్కూల్లో చదువు ఉర్దూలో సాగేది. అందులో 1885లో చేరిన కొద్దిమంది ఆడపిల్లల్లో ఆమె ఒకరు. 1889లో, అంటే రెండో కమిషన్ కూర్చున్న ఏడాదే, 'హకీమ్' పట్టా తీసుకుంది. ఆ తర్వాత అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలోనూ, ఇప్పుడు సుల్తాన్ బజార్ ఆస్పత్రిగా మనకి తెలిసిన రెసిడెన్సీ ఆస్పత్రిలోనూ 1917 దాకా రోగులకి క్లోరోఫామ్ ఇచ్చింది. మధ్యలో 1909లో ఎడిన్‌బరో వెళ్ళింది. మత్తు వైద్యానికి విడిగా కోర్సు లేని రోజులవి. అందుకని ఆ వాయువులు అర్థం కావడానికి అవసరమైన భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకుని వచ్చింది. ప్రపంచంలో తొలి మహిళా ఎనస్తీషియా వైద్యురాలు ఆమేనని మన డాక్టర్లు గర్వంగా చెప్పుకుంటారు. అమెరికాలో 1877 నుంచే సిస్టర్ మేరీ బెర్నార్డ్ వంటి నర్సులు మత్తు ఇస్తూ ఉన్నారు కాబట్టి, 'డాక్టరు' అనే మాట కలిపి చెప్పుకుంటే సరిపోతుంది. పరదా వదలని ఇళ్ళనుంచి వచ్చే స్త్రీలకి, స్పృహ పోతున్న క్షణంలో పక్కన ఇంకో స్త్రీ ఉండడం ఎంత ధైర్యమో నేను విడమరిచి చెప్పాలా?

అప్పట్లో మా నెల్లూరు నిజాం రాజ్యంలోది కాదు, మద్రాసు ప్రెసిడెన్సీలోది. అక్కడా 1875లో మద్రాసు మెడికల్ కాలేజీ మేరీ షార్లీబ్‌తో పాటు మరో ముగ్గురు స్త్రీలని చేర్చుకుంది. ఇటు హైదరాబాదు, అటు మద్రాసు, రెండు దిక్కులా ఆడవాళ్ళు వైద్యంలోకి వచ్చారు. అయినా లారీ కమిషన్ల నివేదికల్లోనూ, 'లాన్సెట్' వాదోపవాదాల్లోనూ మాట్లాడింది మగవాళ్ళే. వాళ్ళ ప్రశ్నంతా మందు చంపుతుందా లేదా అనే. అది అవసరమైన ప్రశ్నే. 'నీకు ఎంత నొప్పిగా ఉంది? మందు ఎప్పుడు కావాలి?' అని రోగిని అడగడం మాత్రం ఆ ప్రశ్నల జాబితాలో లేదు. నిద్రపోయిన మనిషిని అడగడానికి ఏముంటుంది!

అడిగే సందర్భం కాన్పుతో వచ్చింది. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణికి కాన్పు అవుతుంటే జాన్ స్నో రుమాలు మీద కొద్ది కొద్దిగా క్లోరోఫామ్ వేసి, స్పృహ పోకుండా నొప్పి మాత్రం తగ్గేలా చేశాడు. రాణికి దొరికింది మామూలు ఆడవాళ్ళకి దొరకడానికి ఇంకో ఎనభై ఏళ్ళు పట్టింది. 1930లలో లివర్‌పూల్ డాక్టరు మినిట్, నైట్రస్ ఆక్సైడ్‌ని గాలితో కలిపి ఇచ్చే చిన్న యంత్రం తయారుచేశాడు. 1936లో బ్రిటన్‌లో డాక్టరు పక్కన లేకుండానే మంత్రసానులు దాన్ని వాడొచ్చని అనుమతి ఇచ్చారు. 1961లో టన్‌స్టాల్, సగం నైట్రస్ ఆక్సైడు, సగం ఆక్సిజను కలిపి ఒకే సిలిండర్లో నింపే పద్ధతి కనిపెట్టాడు. అదే ఎంటోనాక్స్.

దీన్ని వాడే తీరులోనే అసలు విశేషముంది. గొట్టం చివర ఉండే మాస్కుని డాక్టరు పట్టుకోకూడదు, భర్త పట్టుకోకూడదు, తల్లి పట్టుకోకూడదు. నొప్పి పడుతున్న మనిషే పట్టుకోవాలి. నొప్పి వస్తోందని తెలియగానే పీలుస్తుంది. అర నిమిషం, నిమిషంలో పనిచేస్తుంది. మత్తు ఎక్కువైతే చెయ్యి దానంతటదే వాలిపోతుంది, మాస్కు జారిపోతుంది, మామూలు గాలి లోపలికి వెళుతుంది. కొద్ది నిమిషాల్లో తెరిపిన పడుతుంది. అంటే రోగి చెయ్యే ఇక్కడ భద్రతా సూత్రం. రూపాబాయి కాలంలో ఒక స్త్రీ మరో స్త్రీ ముఖం మీద పట్టిన మందు, చివరికి నొప్పి ఉన్న స్త్రీ చేతికే వచ్చింది. నా దృష్టిలో నూటయాభై ఏళ్ళ మత్తు చరిత్రలో ఇది క్లోరోఫామ్ కన్నా పెద్ద మార్పు.

ఆ మార్పుని నేను దగ్గరగా చూసింది కాన్పులో కాదు, అందం కోసం చేయించుకున్న చికిత్సలో. నెల్లూరు వాళ్ళం ఏం కావాలన్నా మద్రాసు రైలెక్కుతాం. మా పిన్ని కూతురికి చిన్నప్పుడు గంజి ఒలికి ముంజేతి మీద పెద్ద మచ్చ మిగిలింది. పెళ్ళిచూపులకొచ్చిన ప్రతివాళ్ళూ కాఫీ గ్లాసు అందుకుంటూ ఆ చెయ్యే చూసేవాళ్ళు. ఉద్యోగం వచ్చాక తన డబ్బుతో తానే మద్రాసులో ఒక క్లినిక్‌కి వెళ్ళి ఆ మచ్చ సరిచేయించుకుంది. తోడుగా నేను వెళ్ళాను. చర్మం మొద్దుబారే ఇంజెక్షన్లు ఇచ్చేముందు డాక్టరమ్మ ఆమె చేతికి ఒక గొట్టం ఇచ్చి, 'నీకు కావాలనిపించినప్పుడు పీల్చుకో, వద్దనుకుంటే తీసెయ్యి' అంది. బయటికొచ్చాక మా పిల్ల నాతో అన్న మాట: 'అక్కా, ఇంతకాలం నా చెయ్యి గురించి అందరూ మాట్లాడారు. నొప్పి ఎంత అనేది నన్నే చెప్పమన్నది ఈవిడొక్కతే.'

ఊళ్ళో మాత్రం వేరే మాటలు వినిపించాయి. 'సోకు కోసం పోయినదానికి నొప్పి ఉండదా ఏంది? పడాల్సిందే' అన్నారు. ఈ 'పడాల్సిందే' ఎక్కడిదని ఆలోచించాను. మా జేజి చేతుల మీద మోచేతుల దాకా పచ్చబొట్లు ఉండేవి. ఎనిమిదేళ్ళ పిల్లని ఇద్దరు ఆడవాళ్ళు కదలకుండా పట్టుకుంటే ఎరుకలసాని సూదులతో పొడిచిందట. చచ్చాక వెంటొచ్చేది పచ్చబొట్టు ఒక్కటేనని ఓదార్చారట. నాకు చెవులు కుట్టించినప్పుడు నోట్లో బెల్లం ముక్క పెట్టారు. మన సంస్కృతిలో ఆడపిల్ల అందానికి సంబంధించిన ప్రతి పనిలోనూ నొప్పి ఉంది. ఇంటివాళ్ళు నిర్ణయించిన అందమైతే ఆ నొప్పికి ఓర్పు అని పేరు. ఆమె తానే నిర్ణయించుకున్నదైతే ఆ నొప్పి శిక్ష.

అందాల మార్కెట్టు మీద స్త్రీవాదులుగా మనకి చాలా విమర్శ ఉంది. ఉండాలి కూడా. రంగు, ముక్కు, నడుము అన్నీ కొలిచి లోపం చూపించి, ఆ లోపానికి ధర కట్టే వ్యాపారం అది. కానీ ఆ విమర్శ బల్ల మీద పడుకున్న మనిషి నొప్పి దాకా వెళ్ళకూడదు. సౌందర్య చికిత్సకీ, అవసరమైన చికిత్సకీ మధ్య గీత డాక్టర్లూ ఇన్సూరెన్సు కంపెనీలూ గీసింది. గంజి పడిన చెయ్యి ఆ గీతకి ఎటువైపుంది? యాసిడ్ పడిన ముఖానికి పదో ఆపరేషను ఎటువైపు? కాలిన గాయాలకి కట్టు మార్చే ప్రతిసారీ కలిగే నొప్పి మొదట కాలినప్పటి నొప్పికి తీసిపోదని ఆ వార్డుల్లో ఉన్నవాళ్ళు చెబుతారు. ఆ కట్లు మార్చేటప్పుడు కూడా ఈ వాయువు పనికొస్తుంది. వాయువుకి నొప్పే తెలుసు, దాని కారణం మంచిదా చెడ్డదా అన్నది తెలియదు. మనం కూడా ఆ విషయంలో దాన్ని చూసి నేర్చుకోవచ్చు.

దాన్ని మంత్రంలా నమ్మమని కూడా నేను అనడం లేదు. అందరికీ ఒకేలా పనిచెయ్యదు. కొందరికి తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. ఊపిరితిత్తి చిల్లుపడి గాలి చేరినవాళ్ళకి ప్రమాదం. పదే పదే వాడితే శరీరంలో బి12 విటమిను పనిచెయ్యకుండా పోయి నరాలు దెబ్బతింటాయి. గదిలో గాలి ఆడకపోతే రోజంతా అక్కడే పనిచేసే నర్సులకి హాని. భూమిని వేడెక్కించడంలో ఇది కార్బన్ డయాక్సైడు కన్నా సుమారు 270 రెట్లు ఎక్కువ. పెద్ద ఆపరేషన్లకి ఒంటరిగా చాలదు. ఇవన్నీ చెప్పి, ఆ తర్వాత 'కావాలా?' అని అడగడమే పద్ధతి.

ఆ అడగడం ఎక్కడ లేదో చెబుతాను. నా కాన్పు మా జిల్లాలోనే ఒక ఆస్పత్రిలో జరిగింది. పక్క మంచం మీద పందొమ్మిదేళ్ళు కూడా నిండని పిల్ల నొప్పులకి అరుస్తుంటే, 'మొగుడి దగ్గర పడుకున్నప్పుడు లేదా ఈ అరుపు?' అని ఒకామె కసిరింది. ఇది నా ఒక్కదాని అనుభవం కాదని చదువరులకి నేను చెప్పక్కర్లేదు. 2017 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పురిటి గదుల కోసం మొదలుపెట్టిన 'లక్ష్య' కార్యక్రమం గౌరవంగా చూడడం గురించీ, తోడు మనిషిని ఉండనివ్వడం గురించీ చెబుతుంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, నొప్పి తగ్గించమని స్త్రీ అడిగితే తగ్గించాలని సిఫారసు చేసింది. ఇక్కడ ఒక లెక్క చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు సిజేరియన్లే. దానికి కారణాలు చాలా ఉన్నాయి, డబ్బు వాటిల్లో ఒకటి. అయితే నొప్పుల భయంతో 'కోసెయ్యండి డాక్టరుగారూ' అని వేడుకున్నవాళ్ళని నేను చూశాను. కోతకి మత్తు ఉంది. నొప్పులకి లేదు. డాక్టరు చేసే పని సాగాలంటే మత్తు కావాలి కాబట్టి అది వచ్చింది. ఆడదాని శరీరం తనంతట తాను చేసే పనికి మత్తు ఎందుకని ఊరుకున్నారు. మద్రాసు క్లినిక్‌లో డబ్బు కట్టిన చేతికి అందిన గొట్టం, మా జిల్లా పురిటి గదిలో ఎవరి చేతికీ అందలేదు.

వైద్యంలో మనం సాధించుకున్నవన్నీ అడిగితేనే వచ్చాయి. బ్రిటన్‌లో మంత్రసానుల చేతికి ఆ యంత్రం రావడం వెనక కూడా స్త్రీల సంఘాలు పట్టుబట్టడం ఉంది. మన దగ్గర గర్భనిరోధక ఇంజెక్షన్ల మీద, కుటుంబ నియంత్రణ శిబిరాల మీద పోరాడిన స్త్రీల ఉద్యమం, నొప్పి గురించి మాత్రం తక్కువ మాట్లాడింది. నొప్పి సహజం అనే మాట మన లోపలికి కూడా అంతగా ఇంకిపోయిందేమో!

అఫ్జల్‌గంజ్‌లో రూపాబాయి పనిచేసిన పాత ఆస్పత్రి 1908 మూసీ వరదలో కూలిపోయింది. తర్వాత కట్టిన ఉస్మానియా ఆస్పత్రి చరిత్రలో ఆమె పేరు ఒక గర్వకారణంగా నిలిచింది. గర్వం మంచిదే. ఆమె పేరు చెప్పుకునే రాష్ట్రాల్లో ప్రతి ప్రభుత్వ పురిటి గదిలో, ప్రతి కాలిన గాయాల వార్డులో ఒక సిలిండరు, దానికో గొట్టం, గాలి ఆడే కిటికీ, ఎలా పీల్చాలో ముందే ఓపిగ్గా చెప్పే ఒక నర్సు ఉంటే ఆ గర్వానికి అర్థం ఉంటుంది. ఇందులో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. డేవీ పుస్తకానికి రెండు వందల ఇరవై ఏళ్ళు దాటాయి.